తాళాల దుకాణం మలుపు

ఆ సోమవారం బుజ్జి మొదటిసారి బావ వెనకాల నడిచాడు. అంతవరకూ రోజూ పక్కనే నడిచేవాడు, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. "ఇక మీరు వెనక్కి తగ్గండి. ఆయన కాళ్లు ఏం నేర్చుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. నోరు మాత్రం విప్పకండి" అని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

బయల్దేరేముందు బావ రోజూ అడిగేది అడిగాడు. గుమ్మం దగ్గర కూర్చుని చెప్పుల పట్టీ బిగిస్తూ తలెత్తి చూశాడు. చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏరా బుజ్జీ, నెత్తిమీద జుట్టేమైందిరా?"

"చలిగా ఉందని లోపలికెళ్లింది బావా."

వంటింట్లో అక్క నవ్వింది. ఈ జవాబు ఆవిడ ఇంతకుముందు వినలేదు. జవాబు రోజుకొకటి మార్చాలని బుజ్జి నియమం పెట్టుకున్నాడు. అడిగే మనిషికి ప్రశ్న కొత్తదైనప్పుడు పాత జవాబు పారెయ్యడం మర్యాద కాదని అతని ఉద్దేశం.

బావకి కిందటేడు మెదడుకి జ్వరం వచ్చింది. మనిషి బతికాడు, లేచాడు, తిరుగుతున్నాడు. కానీ కొత్తగా ఏదీ నిలవదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి ఉండదు. పాతవి ఉన్నాయి. పెళ్లినాటి సంగతులు ఉన్నాయి, పుస్తకాలు కుట్టే పని ఉంది, బుజ్జికి జుట్టున్న రోజులు ఉన్నాయి. ఆయన ఆస్పత్రిలో ఉండగా ఆయన పనిచేసే బైండింగు షాపు ఇంకో పేటకి మారింది. అక్కడొచ్చింది చిక్కు. వదిలేస్తే ఆయన పాత షాపుకి తిన్నగా వెళ్లిపోతాడు. వెళ్లి దించిన షట్టరు ముందు నిలబడతాడు. ఆలస్యంగా వచ్చాననుకుని నొచ్చుకుంటాడు. ఎవరో ఒకరు ఇంటికి తీసుకొస్తారు. మర్నాడు మళ్లీ వెళ్తాడు, మళ్లీ నొచ్చుకుంటాడు.

షాపు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. అక్క వెళ్లి అడిగితే ఆయన కాదనలేదు, అవుననలేదు. "శుక్రవారం పొద్దున ఒక్కడే రావాలి. వచ్చి తన బల్ల దగ్గర తను కూర్చోవాలి. అలాగైతే పని ఉంది. మీరు చెయ్యి పట్టుకొచ్చి దింపి సాయంత్రం పట్టుకెళ్లేదైతే, ఇది చిన్నపిల్లల బడి కాదు కదమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు బావ అక్క పక్కనే కుర్చీలో ఉన్నాడు. పెద్దాయన ఆయన వంక చూడలేదు, గోడ వంక చూసి చెప్పాడు. బావ ఆసాంతం విని, "ఎవరి గురించి?" అని అడిగాడు.

అందుకే ఈ నడక. బుజ్జికి పార్సిళ్ల గోదాంలో మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున ఖాళీ. ఒకే గుమ్మం నుంచి, ఒకే వేళకి, ఒకే దారిన రోజూ నడిపించాలి. ప్రశ్నలడగకూడదు, పాఠాలు చెప్పకూడదు. అలా నడిచీ నడిచీ, ఇదిగో, ఇవాళ వెనక్కి తగ్గాడు.

బావ బేకరీ దాటాడు. పోస్టాఫీసు దగ్గర తనంతట తనే రోడ్డు దాటాడు. దాటేముందు కుడీ ఎడమా చూశాడు కూడా. వెనక బుజ్జి గుండె పొంగింది. కేకెయ్యాలనిపించింది. పెట్రోలు బంకు వచ్చింది. బంకు దగ్గర తిన్నగా వెళ్లి వంతెన ఎక్కాలి, వంతెన దిగితే షాపే.

బావ తిన్నగా వెళ్లలేదు. బంకు గోడ చివర ఎడమకి తిరిగి సందులోకి వెళ్లాడు.

తిరగడంలో తడుముకోలేదు. పోస్టాఫీసు దగ్గర ఎంత ధీమాగా ఉన్నాడో ఇక్కడా అంతే ధీమాగా ఉన్నాడు. సందులో మూడో దుకాణం ముందు ఆగాడు. బల్ల చెక్కమీద కుడిచెయ్యి ఆన్చి, కాస్త పక్కకి జరిగాడు. పక్కన ఇంకో మనిషి నిలబడ్డానికి చోటిచ్చి, అలా నిలబడ్డాడు.

ఆ చోటు ఎవరిదో బుజ్జికి తెలుసు. 

అది మారు తాళంచెవులు చేసే దుకాణం. మిషను దగ్గరున్న ఆవిడ తలెత్తి బావని చూసింది, ఆయన పక్క ఖాళీ చోటుని చూసింది, తర్వాత సందు మొదట్లో చెట్టులా నిలబడిపోయిన బుజ్జిని చూసింది.

"ఏమండీ, ఇవాళ దూరంగా ఉన్నారే? మాకేమైనా బాకీ పడ్డారా?"

బుజ్జి దగ్గరికి వచ్చాడు. తన చోట్లో నిలబడ్డాడు. 

మొదటిరోజు నిజంగానే పనిమీద వచ్చాడు. బావ జేబులో ఉంచడానికి ఇంటి తాళానికి మారుచెవి కావాలి. ఆవిడ చేసిచ్చింది. రెండోరోజు అది కాస్త బిగుసుకుంటోందని వచ్చాడు. ఆవిడ ఆకురాయితో రాసిచ్చింది. తర్వాత కొత్త తాళం ఒకటి కొన్నాడు. ఆ తర్వాత ఇంకోటి. ఆవిడకి నలభై దగ్గర పడుతున్నాయి. వాళ్ల నాన్న పోయాక ఒక్కతే దుకాణం నడుపుతోంది. ఇనుప రజను పడకుండా కళ్లద్దాలు పెట్టుకుంటుంది, మాట్లాడేటప్పుడు తీసి నుదుటిమీదికి తోస్తుంది. అద్దాలు నుదుటిమీద ఉన్నంతసేపూ బుజ్జి ఆ బల్ల దగ్గర ఉండేవాడు. పక్కన బావ ఓపిగ్గా నిలబడేవాడు.

"ఏం లేదండీ" అన్నాడు బుజ్జి చివరికి. "పద బావా."

బావ వెనక్కి తిరిగి, సందులోంచి బంకు దగ్గరికి వచ్చి, వంతెన ఎక్కాడు.

బైండింగు షాపులో ఆయన రోజూ కాసేపు కూర్చుని ఇంటికి వచ్చేవాడు. లోపల అడుగు పెట్టగానే ఎత్తు కిటికీల వంక చూసి రోజూ అనే మాట ఆవేళా అన్నాడు. "ఎంత వెలుతురురా! ఎవరు వెతికారీ చోటు? పాతదాంట్లో కళ్లు పోయేవి."

వెతికింది పెద్దాయనే. ఆ మాట రోజూ వింటాడు, రోజూ "చాల్లే, కూర్చో" అంటాడు. అనేముందు ఓసారి కిటికీల వంక తనూ చూస్తాడు.

మంగళవారం బుజ్జి ఆ సందు మలుపుని తనే దిద్దేద్దామనుకున్నాడు. డాక్టరమ్మకి చెబితే ఎందుకు తిప్పావని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? అందుకని బంకు దగ్గరికి రాగానే ముందుకెళ్లి బావ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇటు కాదు బావా. తిన్నగా."

బావ ఆగాడు. ఎడమకాలు అప్పటికే సందువైపు తిరిగి ఉంది. కాలివంక చూసుకున్నాడు, బంకు వంక చూశాడు. మొహంలో ఏదో ఆరిపోయింది.

"మనం ఎక్కడికి వెళ్తున్నాంరా?"

"షాపుకి బావా. తిన్నగా పద."

"షాపు ఇటెందుకుంటుందిరా?" ఆయన వెనక్కి తిరిగాడు, పాత షాపు దిక్కుకి. బుజ్జి అడ్డం నిలబడ్డాడు. వెనక లారీ వాడు హారన్ కొట్టాడు. బావ చెవులు మూసుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. నుదుటిమీద చెమట. బుజ్జి ఎంత బతిమాలినా ముందుకీ వెనక్కీ రాలేదు. బంకులో కుర్రాళ్లిద్దరు సాయం వస్తే ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చాడు.

ఇంటికొచ్చాక బావ మంచినీళ్లు తాగి, పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఏం జరిగిందో ఆయనకి గుర్తు లేదు. వేళ్లు మాత్రం పేపరు అంచు పట్టుకుని వణుకుతూనే ఉన్నాయి. అక్క ఆ వేళ్లు చూసింది.

"ఏం చేశావురా?"

బుజ్జి చెప్పాడు.

"అసలా సందులోకి ఎందుకు తిప్పావు?"

"తాళంచెవి చేయించడానికక్కా."

"అది ఒక్కనాటి పని."

బుజ్జి నేలవంక చూశాడు. అక్క లేచి అలమార సొరుగు లాగింది. లోపల తాళాలు ఒకదానిమీద ఒకటి పడి మోగాయి.

"నేనూ అడుగుదామనుకుంటూనే ఉన్నాను. తలుపులకంటే తాళాలే ఎక్కువైపోయాయి ఇంట్లో. పంచదార డబ్బాకి కూడా వేస్తావా? ఎవర్రా ఆవిడ? పేరేమిటి?"

"అడగలేదు."

"ఇన్ని తాళాలు కొని పేరు కనుక్కోలేదూ!" అక్క నుదురు కొట్టుకుంది. "నీకు జుట్టు రాలిందంటే రాలదూ మరి!"

బావ పేపరు దించి చూశాడు. "అవును, జుట్టేమైందిరా వీడికి?"

అక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "శుక్రవారం పని దక్కకపోతే ఈయన జన్మంతా ఆ షట్టరు ముందే నిలబడతాడురా" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బుజ్జికి తేలికగా ఉండేది.

బుధవారం ఆస్పత్రికి ఒక్కడే వెళ్లాడు. డాక్టరమ్మ గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకి మెదడు బొమ్మ. ఆవిడ అంతా విన్నది. మధ్యలో ఆపలేదు.

"దారిని మెదడు రెండు చోట్ల దాచుకుంటుందండీ" అంది. "ఒకచోట పటంలా ఉంటుంది. ఇల్లెక్కడ, బంకెక్కడ, దేని పక్కన ఏముంది. ఒక రోడ్డు మూసేస్తే ఆ పటం చూసుకునే మనం ఇంకో రోడ్డు పట్టుకుంటాం. మీ బావగారికి జ్వరం దెబ్బకొట్టింది ఆ చోటినే. కొత్త సంగతులు నిలిపేది కూడా అదే. రెండోది వాడుక. బంకు కనపడగానే కాళ్లు ఇటు, బల్ల కనపడగానే చెయ్యి అటు. అదుండేది వేరే చోట. దానికేమీ కాలేదు. అందుకే దబ్బనం చేతికిస్తే ఆయన కుట్టుకుపోతున్నారు."

"మరి నేను దానికి తప్పు నేర్పానండీ."

"తప్పని దానికి తెలీదు. మీరు రోజూ వేసింది అది దాచుకుంది. మనం ఒకసారి దారి తప్పామనుకోండి, తప్పామన్న సంగతి గుర్తుంటుంది, మర్నాడు సర్దుకుంటాం. ఆయనకి ఆ సంగతి మిగలదు. తిరిగిన మలుపు మాత్రం మిగిలిపోతుంది. అందుకే మొదటే చెప్పాను, ఒక్క తప్పు కూడా పడనివ్వద్దని."

"చెప్పారు" అన్నాడు బుజ్జి. "చెరపడం కుదరదాండీ?"

"కుదురుతుంది, నెలల మీద. శుక్రవారానికి కుదరదు. నిన్న చూశారుగా, ఒక్క మలుపు లాగితే దారంతా ఊడొచ్చేసింది." ఆవిడ కలం మూతపెట్టింది. "ఆ సందుని దారిలోనే ఉండనివ్వండి. కాస్త చుట్టవుతుంది. అయితే ఏం? అక్కడెంతసేపు ఆగేవారు?"

"ఒక్కోరోజు ఒక్కోలా."

"అక్కణ్నుంచి ఎలా కదిలేవారు?"

బుజ్జి ఆలోచించాడు. "ఎలా ఏముందండీ? కదిలేవాళ్లం."

డాక్టరమ్మ ఇంకేదో అడగబోయింది, బయట ఎవరో తలుపు తట్టారు.

ఆస్పత్రి నుంచి బుజ్జి తిన్నగా గోదాముకి పోవాలి. ఏదో ఆలోచిస్తూ నడిచాడు. చప్పుడుకి తలెత్తి చూస్తే ఎదురుగా మిషను, ఆకురాళ్లు, గోడనిండా మేకులకి వేలాడే, ఇంకా పళ్లు కొయ్యని గుడ్డి తాళంచెవులు. వాడుకకి తన కాళ్లూ బావ కాళ్లూ వేరు కాదని అప్పుడర్థమైంది.

ఆవిడ మిషను ఆపి అద్దాలు నుదుటిమీదికి తోసింది. "మళ్లీ బిగుసుకుందా?"

"లేదండీ. అది మొదట్నుంచీ బాగానే ఉంది."

చెప్పేశాడు. జ్వరం సంగతి, షాపు సంగతి, శుక్రవారం సంగతి. ఆయన ఒక్కడే వస్తాడు, ఇక్కడ ఆగుతాడు, పలకరించకండి, తనంతట తను వెళ్తాడు అన్నాడు. ఆవిడ విన్నంతసేపూ చేతిలోని తాళంచెవిని గుడ్డతో తుడుస్తూనే ఉంది.

"నేనాయన ఎక్కువ మాట్లాడని మనిషేమో అనుకున్నాను పాపం" అంది. "అప్పుడప్పుడు మిమ్మల్ని పిలవడం తప్పిస్తే, ఇక్కడ నిలబడి నవ్వుతుండేవారు, అంతే." రెండు తాళంచెవుల్ని పక్కపక్కన మిషనుకి బిగించింది, ఒకటి పాతది, ఒకటి గుడ్డిది. "ఇదీ అంతేనండీ. పాతదానిమీద ఈ మొన ఎలా పాకితే అవతల చక్రం అలా కోస్తుంది. పాతది అరిగి ఉంటే ఆ అరుగుదల కూడా వచ్చేస్తుంది. కొత్తది కదా అని నున్నగా రాదు. అయినా దాంతోనే జనం తలుపులు తీసుకుంటున్నారు."

"నా అరుగుదల ఆయనకి అంటించాను."

"అంటే తాళం బాగానే ఉందన్నమాట." ఆవిడ తల వంచుకుంది. "మరి రోజూ ఎందుకొచ్చినట్టు బుజ్జిగారూ?"

"నా పేరు..."

"మీ బావగారు పిలుస్తారుగా. ఇంత మనిషికి బుజ్జేమిటండీ?"

"అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదండీ, బావకి జ్వరం రాకముందు నుంచే."

ఆవిడ నవ్వాపుకుంటూ అద్దాలు కళ్లమీదికి దించి మిషను నొక్కింది. ఆ రొదలో ఇక ఏం మాట్లాడినా వినపడదు. ఇద్దరికీ అదే బాగుంది.

గురువారం సందుతో సహా దారంతా సవ్యంగా సాగింది, బల్ల దగ్గర మాత్రం బుజ్జి అలవాటుగా బావ పక్కకి వచ్చి నిలబడి కలిసే బయల్దేరాడు.

శుక్రవారం అక్క ఇస్త్రీ చొక్కా తీసింది. గుండీలు పెట్టబోతే బావ చెయ్యి తోసేశాడు. "నేనేమన్నా పసివాణ్నా? పనికేగా వెళ్తోంది." బుజ్జి గుమ్మం దగ్గర లేడు, ముందే వెళ్లి బేకరీ పక్కన నిలబడ్డాడు. తను కనపడకూడదు. ఆవేళ జుట్టు సంగతి ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని మంచి జవాబొకటి దాచుకున్నాడు. అది దాచుకున్నట్టే ఉండిపోయింది.

బావ వచ్చాడు. బేకరీ దాటాడు, పోస్టాఫీసు దగ్గర రోడ్డు దాటాడు, బంకు గోడ చివర తిరిగాడు. బుజ్జి సందు ఎదుటి వరండాలో స్తంభం చాటుకి చేరాడు. బావ బల్లమీద చెయ్యి ఆన్చి, చోటిచ్చి నిలబడ్డాడు.

తాళాలావిడ చెప్పిన మాట తప్పలేదు. పలకరించలేదు. మిషను ఆపి, అద్దాలు నుదుటిమీదికి తోసి, చేతులు కట్టుకుని నిలబడింది.

బావ కదల్లేదు.

ఒక మనిషి వచ్చి తాళంచెవి చేయించుకుని వెళ్లాడు. బావ ఆయనకి దారిచ్చి, మళ్లీ తన చోటికి వచ్చాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు లేడు. తొందర లేదు, బెంగ లేదు. కదలవలసిన వేళ ఇంకా కాలేదు, అంతే. వంతెన అవతల పెద్దాయన గడియారం చూసుకుంటూ ఉంటాడు. స్తంభం వెనక బుజ్జి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అక్కణ్నుంచి ఎలా కదిలేవారు? డాక్టరమ్మ అడగనే అడిగింది.

ఆవిడ ఇక ఆగలేకపోయింది. "ఏమండీ, షాపుకి టైమవుతోందేమో" అంది.

బావ ఆవిడ వంక చూసి మర్యాదగా నవ్వాడు. కదల్లేదు.

"పదండి మరి."

నవ్వు అలాగే ఉంది. కాళ్లూ అలాగే ఉన్నాయి.

ఆవిడ సందు అవతలికి చూసింది. స్తంభం పక్కనించి బుజ్జి తల సగం బయటికొచ్చి ఉంది. అతను రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. మాట బయటికి రాకుండా తనని తనే పట్టుకున్నట్టున్నాడు. ఆవిడ ఆ మూసుకున్న నోటివంక చూసింది. రోజూ ఆ నోట్లోంచి చివరికొచ్చే మాట ఏదో ఆవిడకి తట్టింది. తట్టగానే మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసింది. బల్లమీదికి వంగి, గొంతు తగ్గించి అంది.

"పద బావా."

బావ వెనక్కి తిరిగి బంకువైపు నడిచాడు.

వంతెన దిగేసరికి పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు. బావ ఆయనకి తలూపి లోపలికెళ్లాడు. కిటికీల వంక చూశాడు. "ఎంత వెలుతురు! ఎవరు వెతికారండీ ఈ చోటు?" అన్నాడు. పెద్దాయన "చాల్లే" అనలేదు. గొంతు సవరించుకున్నాడు, అంతే. బావ బల్లల వరసలోకి వెళ్లి, కిటికీ కింద బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముందు పేర్చి ఉన్న అచ్చు కాగితాల మడతల్లో, ఫారాల్లో, ఒకటి తీసి, అంచులు తట్టి, మడత మధ్యకి విప్పాడు. దారాన్ని మైనం ముక్కమీద లాగాడు. దబ్బనం ఎక్కడుందని చూడకుండానే చెయ్యి చాచి తీసుకున్నాడు. వెన్నులో పొడిచి, దారం లాగి, కింద ఫారంతో ముడివేసి, ఇంకోటి అందుకున్నాడు.

బుజ్జి వాకిట్లో నిలబడి చూశాడు. చూసి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అడగలేదు. కానీ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు.

"ఒక్కడే వచ్చాడు కానీ, దారిలో ఒకచోట ఆగిపోయాడండీ. తాళాల దుకాణంలో ఒకావిడ పదమంటేగాని కదల్లేదు. చెప్పకుండా ఉంటే బాగోదని..."

పెద్దాయన బల్ల దగ్గర కదులుతున్న చేతుల్ని చూస్తూ విన్నాడు. "నేను పొద్దున్నే మా ఆవిడ రెండుసార్లు అరిస్తేగాని మంచం దిగను" అన్నాడు. "ఆ దుకాణావిడ రోజూ తెరుస్తుందా?"

"తెరుస్తారండీ."

"అయితే ఇంకేం?" ఆయన లోపలికి నడిచాడు. ఈసారి గోడవంక చూడలేదు. బావ బల్లముందు ఆగి, ఆయన మొహంలోకి చూసి చెప్పాడు. "ఆ వరస అయ్యాక అట్టలు కూడా నువ్వే వెయ్యాలి. నువ్వు లేక కుట్లు వదులొస్తున్నాయి."

"నిన్న నేను లేనా?" అన్నాడు బావ ఆశ్చర్యపోతూ.

"ఇవాళ ఉన్నావుగా" అన్నాడు పెద్దాయన.

ఆ సాయంత్రం అక్క అలమార సొరుగు మొత్తం సంచిలో వంపింది. గోదాముకి సెలవు పెట్టిన బుజ్జి చేత మోయించుకుంటూ తాళాల దుకాణానికి వెళ్లింది. బల్లమీద సంచి బోర్లించింది.

"ఇవి మాకు ఎక్కువయ్యాయమ్మా. ఇంకెవరికన్నా పనికొస్తాయి" అంది. తర్వాత ఆవిడ రెండు చేతులూ, ఇనుప రజనుతో సహా, పట్టుకుంది. "నీ నోటి చలవ. మా ఇల్లు నిలబడింది."

"అయ్యో, నేనేం చేశానండీ! ఆయన కదలకపోతే ఏదో నోటికొచ్చింది. ఏమనుకోకండి, బావా అనేశాను."

"అనుకోవడానికేముంది? కానీ వరస అంటూ ఒకటి ఉంటుంది కదా." అక్క తాళాలు ఏరుతూ తాపీగా అంది. "నువ్వు మా బుజ్జిగాడి తరఫు మనిషివైతే ఆయన నీకు అన్నయ్య అవుతాడు. కాదనుకుంటే బావ అనుకో, బాబాయ్ అనుకో, నీ ఇష్టం. తొందరేం లేదు, ఆలోచించుకో."

బుజ్జి సందు చివర ఆగి ఉన్న సైకిల్ని ఎంతో శ్రద్ధగా చూడసాగాడు. ఆవిడ తాళాల్ని తనవైపుకి లాక్కుంది. ఒక్కో తాళం తీసి, చెవి పెట్టి, తిప్పి, పక్కన పెట్టింది. చివరిదాకా అలాగే చేసింది.

"వీటిల్లో ఒక్కటీ బిగుసుకోవడం లేదే" అంది.

శనివారం పొద్దున బావ గుమ్మం దగ్గర తలెత్తి చూశాడు. "ఏరా, జుట్టేమైందిరా?"

దాచుకున్న జవాబు బుజ్జికి గుర్తు రాలేదు. "పోతే పోయింది బావా. ఉన్నది చాలు" అన్నాడు.

ఇంకొన్నాళ్లు వెనకే నడవమని డాక్టరమ్మ చెప్పింది. బేకరీ, పోస్టాఫీసు, బంకు గోడ. బావ బల్లమీద చెయ్యి ఆన్చాడు. బుజ్జి స్తంభం చాటుకి పోలేదు, బావ ఇచ్చిన చోట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మిషను ఆపి అద్దాలు పైకి తోసింది.

బావ ఆవిడని కాసేపు చూశాడు. బుజ్జి చెవి దగ్గరకి వంగి అడిగాడు. "ఎవర్రా ఈవిడ? నేనెప్పుడూ చూసినట్టు లేదు. కానీ మనకి బాగా కావలసిన మనిషిలా ఉంది."

 ఆవిడ విన్నది. తల వంచుకుని, బల్లమీద రజను చేత్తో ఒక పక్కకి ఊడ్చింది. ఊడవవలసినంత రజను అక్కడ లేదు. ఊడ్చాక తలెత్తి, బుజ్జి వంక చూడకుండా, బావతో అంది.

"పద అన్నయ్యా."



బావ కదల్లేదు. మర్యాదగా నవ్వుతూ నిలబడ్డాడు.

"పద అన్నయ్యా" అందావిడ మళ్లీ, ఇంకాస్త గట్టిగా. ఆయన ఇంకాస్త నవ్వాడు. కాళ్లు అక్కడే ఉన్నాయి. ఆవిడ బుజ్జిని చూసింది, బుజ్జి ఆవిడని చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్లమీదికి వాలిపోయింది.

"ఇక వరస మార్చడం నావల్ల కాదు, మీ అక్కతో మీరే చెప్పుకోండి" అంది తేరుకుని. "పద బావా."

బావ తిరిగి బంకువైపు నడిచాడు. సందు మలుపులో చొక్కా అంచు కనపడి మాయమైంది. బుజ్జి వెంటనే వెళ్లాలి, వంతెన దాకా చూసుకోవాలి. తెలుసు. అయినా బల్లమీద ఆన్చిన తన చెయ్యి అలాగే ఉంది.

ఆవిడ అద్దాలు కళ్లమీదికి దించుకోబోతూ ఆగింది.

"బుజ్జీ, నీక్కూడా చెప్పాలా? పద."

అప్పుడుగాని అతని కాళ్లు కదల్లేదు.